ఏవీఎన్ గారెవరు? – విశాఖ ఆకాశానికి కాపు కాసిన అంకితం వెంకట నరసింగరావు గారి కథ



పేరుకు శరన్నవరాత్రులే గాని మౌంట్ రాస్కిల్‌లో మనకిది వసంతం. అక్కడ మనవాళ్ళు వానలు వెనకబట్టి చలి ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుంటే, ఇక్కడ మనం చలి వదిలి ఎండ ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటాం. ఋతువులు తిరగబడినా పండుగలు మాత్రం తిరగబడలేదు. అయితే ఈ సీజను వచ్చిందంటే మాకు ఒక ప్రశ్న తప్పదు. ఇండియాలో అమ్మావాళ్ళు ఇవాళే కలశం పెట్టారట, మనకేమిటి రేపంటున్నారు అని ఒకరు ఫోను చేస్తారు. ఊరి నుంచి తెచ్చుకున్న గోడ క్యాలెండరులో ఒక తేదీ, గుడి నోటీసులో ఇంకొక తేదీ ఉంటే ఏది నమ్మాలి అని మరొకరు అడుగుతారు. తేదీ తప్పితే వ్రతభంగం కాదు కదా అని పెద్దవాళ్ళ గొంతులో బెంగ కూడా వినిపిస్తుంది.

ఈ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పవచ్చు. కాని ఈసారి ఒక పెద్దమనిషి జీవితం ద్వారా చెబుదామని మా కోరిక. విశాఖపట్నం వాళ్ళకు ఏవీఎన్ కాలేజీ తెలియకపోవడం ఉండదు. సర్ సి.వి. రామన్ గారి తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు పాఠం చెప్పిన కాలేజీ అది. రామన్ గారూ, మహాకవి శ్రీశ్రీ గారూ చదువుకున్న కాలేజీ అది. ఆ పేరు మన నోళ్ళలో వందేళ్ళకు పైగా నలుగుతోంది. మరి ఆ ఏవీఎన్ ఎవరు అంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆయనే అంకితం వెంకట నరసింగరావు గారు. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకరి దారిలోకి ఒకరు ఎప్పుడు వస్తారో టెలిస్కోపు పెట్టి చూసి, గడియారంతో కొలిచి, కాగితం మీద పెట్టిన తెలుగువాడు.

మామగారి వేధశాల

నరసింగరావు గారి కథ ఆయన మామగారితో మొదలవుతుంది. గోడే వెంకట జగ్గారావు గారు 1817లో జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఆ రోజుల్లో జమీందారుల బిడ్డలకు కావలసినంత కాలక్షేపం ఉండేది. ఈయన మాత్రం 1834లో మద్రాసు వెళ్ళి, అక్కడి కంపెనీ వారి వేధశాలలో టి.జి. టేలర్ గారి దగ్గర నాలుగేళ్ళ పాటు ఖగోళశాస్త్రం, గణితం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 1840లో విశాఖలో, నేటి డాబాగార్డెన్స్ ప్రాంతంలో, సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. అందులో దాదాపు 5 అంగుళాల గాజు ఉన్న టెలిస్కోపు పెట్టారు. మన దేశంలో ఒక భారతీయుడు సొంత డబ్బుతో ఆధునిక పద్ధతిలో వేధశాల కట్టడం అంటే, అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టగల సంగతి.

జగ్గారావు గారు దాన్ని తన సరదాకు మాత్రమే ఉంచుకోలేదు. డాల్ఫిన్ నోస్ కొండ మీద ఒక జెండా కర్ర నిలబెట్టించి, దాని ద్వారా ఊరికీ ఓడలకూ సరైన సమయం తెలిసే ఏర్పాటు చేశారు. ఇప్పుడు మనకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. అప్పటికి దేశమంతటికీ ఒకే టైము లేదు. ఏ ఊరికి ఆ ఊరి సూర్యుడే గడియారం. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ ఊరికి పన్నెండు గంటలు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఒక డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు వస్తుంది, పడమర ఊరికి ఆలస్యంగా వస్తుంది. సముద్రం మీద నావికుడికి తానెక్కడ ఉన్నాడో తెలియాలంటే ఓడలోని గడియారం తప్పు లేకుండా నడవాలి. నాలుగు నిమిషాలు తేడా వస్తే ఓడ ఒక డిగ్రీ, అంటే మన విశాఖ అక్షాంశం దగ్గర వంద కిలోమీటర్ల పైచిలుకు, పక్కకు పోయినట్టు లెక్క. కాబట్టి కొండ మీది ఆ జెండా వెనక నక్షత్రాలను చూసి గడియారం దిద్దుకునే మనిషి ఒకడు రాత్రిళ్ళు మేలుకుని ఉండాలి.

1856లో జగ్గారావు గారు నలభై ఏళ్ళయినా నిండకుండానే కాలం చేశారు. వేధశాల ఉంది, పరికరాలు ఉన్నాయి. చూసే మనిషి లేడు.

డిప్యూటీ కలెక్టరు పదవి వదిలి

అప్పుడు ముందుకు వచ్చినవారు అల్లుడు నరసింగరావు గారు. 1827లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. జగ్గారావు గారి కుమార్తె అచ్చయ్యమ్మ గారి భర్త. ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేశారు. ఆ కాలంలో ఒక భారతీయుడు అందుకోగల పెద్ద పదవుల్లో అదొకటి. ఊళ్ళో నలుగురూ లేచి నిలబడే హోదా. ఆ ఉద్యోగాన్ని వదులుకుని ఆయన మామగారి టెలిస్కోపు దగ్గరకు వచ్చారు.

మనలో చాలామందిమి కూడా ఏదో ఒకటి వదులుకునే ఈ దేశం వచ్చాం. అయితే మనం ఎక్కువ జీతం కోసం, పిల్లల చదువు కోసం వదులుకున్నాం. ఆయన అధికారం వదులుకుని, ఎవరూ అడగని, ఎవరూ జీతం ఇవ్వని పనిని నెత్తికెత్తుకున్నారు. ఇంట్లో ఒక పెద్దాయన మొదలుపెట్టిన పని ఆగిపోకూడదన్నదే మాకు అందులో కనిపించే గొప్పతనం. ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన ఆ వేధశాలను నడిపారు. వాతావరణం లెక్కలు రాశారు. చంద్రుడు నక్షత్రాలను కప్పే వేళలు, గ్రహణాలు, తోకచుక్కలు, సూర్యబింబం మీదుగా గ్రహాలు దాటడం, ఇవన్నీ పరిశీలించి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపించారు. ఆ సొసైటీ 1871లో ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. మరుసటి ఏడు రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ కూడా ఆయనకు సభ్యత్వం ఇచ్చింది.

మూడు గోళాలు ఒక వరుసలోకి వస్తే

ఆయన చూసిన వాటిలో పెద్దది 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణం. అది తెలుగు నేల మీదుగా పోయిన సంపూర్ణ గ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగి బంగాళాఖాతంలోకి దిగింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గారు గుంటూరు వచ్చి కూర్చున్నారు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ గారు మచిలీపట్నంలో టెలిస్కోపు పెట్టారు. ఆ గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూసినప్పుడు కనిపించిన ఒక పసుపు గీత, తరువాత హీలియం అనే కొత్త మూలకం జాడగా తేలింది. విశాఖ ఆ నీడ దారికి ఉత్తరాన ఉండిపోయింది కనుక అక్కడ సూర్యుడు పూర్తిగా మునగలేదు. అయినా నరసింగరావు గారు తన ఊరి నుంచి కనిపించినదాన్ని కనిపించినట్టు కొలిచి రాశారు.

ఇక్కడ పిల్లల కోసం కొంచెం ఆగుదాం. ప్రతి అమావాస్యకూ చంద్రుడు సూర్యుడి వైపే ఉంటాడు కదా, మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారికి 5 డిగ్రీలు వాలుగా ఉంటుంది. అందువల్ల చాలా అమావాస్యల్లో చంద్రుడు సూర్యుడికి కాస్త పైనుంచో కిందనుంచో పోతాడు. ఆ రెండు దారులూ కోసుకునే బిందువులు రెండు ఉన్నాయి. వాటినే మన పెద్దలు రాహువు, కేతువు అన్నారు. సూర్యుడు ఆ బిందువుల దగ్గర ఉన్నప్పుడు అమావాస్య వస్తే సూర్యగ్రహణం, పున్నమి వస్తే చంద్రగ్రహణం. ఆ బిందువులు కూడా ఒకచోట నిలవవు. వెనక్కి నడుస్తూ సుమారు 18 ఏళ్ళ 7 నెలలకు ఒక చుట్టు చుడతాయి. నవగ్రహాల్లో రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలోనే ఉంటారని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇంకొక చమత్కారం ఉంది. సూర్యుడి వ్యాసం చంద్రుడి కంటే సుమారు 400 రెట్లు పెద్దది. దూరం కూడా దాదాపు 400 రెట్లు. అందుకే మన కంటికి ఇద్దరూ ఒకే సైజులో కనిపిస్తారు. చంద్రుడు భూమికి దగ్గరగా, అంటే మూడున్నర లక్షల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నప్పుడు సూర్యుడిని పూర్తిగా కప్పేస్తాడు. నాలుగు లక్షలు దాటి దూరంగా ఉంటే కప్పలేక చుట్టూ ఉంగరంలా వెలుగు మిగులుతుంది. దాన్ని కంకణ గ్రహణం అంటాం. 1868లో వచ్చింది మొదటి రకం. 1872 జూన్ 6న దక్షిణ భారతం చూసింది రెండో రకం. నాలుగేళ్ళ లోపల రెండు రకాలూ మన వాకిట్లోకి వచ్చాయి. రెంటికీ నరసింగరావు గారు సిద్ధంగానే ఉన్నారు.

విశాఖలో ఉదయం, న్యూజిలాండ్‌లో మధ్యాహ్నం

ఇప్పుడు మన ఈ దేశం కూడా ఆయన కథలోకి వస్తుంది. 1868లోనే, నవంబరు 2న, న్యూజిలాండ్ ప్రభుత్వం దేశమంతటికీ ఒకే టైము ప్రకటించింది. గ్రీనిచ్ కంటే పదకొండున్నర గంటలు ముందు. ఇలా చట్టంగా దేశమంతటికీ ఒకే టైము పెట్టుకున్న మొదటి దేశం ఇదేనని చెబుతారు. అంతవరకు ఆక్లాండుకు ఒక టైము, డునెడిన్‌కు ఇంకొక టైము. విశాఖలో కొండ మీద జెండా ఏ అవసరానికి ఎగిరిందో, ఇక్కడ ఈ చట్టం కూడా అలాంటి అవసరానికే వచ్చింది.

ఆరేళ్ళ తరువాత రెండు చోట్లా జనం ఒకే రోజు ఒకే వింత కోసం ఎదురుచూశారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా దాటాడు. ఇది చాలా అరుదు. ఎనిమిదేళ్ళ ఎడంతో రెండుసార్లు జరిగి, ఆ తరువాత వందేళ్ళకు పైగా జరగదు. మన కాలంలో 2004లో, 2012లో జరిగింది. ఇక 2117 దాకా లేదు.

ఆ చుక్క కోసం దేశదేశాల ప్రభుత్వాలు ఓడల్లో మనుషులను ఎందుకు పంపించాయి? సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోవడానికి. మీ చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. రెండు కళ్ళ మధ్య ఎడం తెలిస్తే, వేలు ఎంత జరిగిందో కొలిస్తే, వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. ఇక్కడ శుక్రుడు వేలు, భూమి మీద దూరదూరంగా ఉన్న రెండు ఊళ్ళు రెండు కళ్ళు. ఒక కన్ను ఎంత మంచిదైనా ఒక్కటే ఉంటే ఈ లెక్క తేలదు. విశాఖలో ఒకరు చూడాలి, న్యూజిలాండ్‌లో ఒకరు చూడాలి, ఇద్దరూ తమ తమ ఊరి టైము నిజాయితీగా రాయాలి.

విశాఖలో ఆ దృశ్యం ఉదయం మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. అదే వేళ ఇక్కడ మధ్యాహ్నం దాటి సాయంత్రం అయింది. బ్రిటిషు బృందం క్రైస్ట్‌చర్చ్ దగ్గర బర్న్‌హామ్‌లో ఎన్నో నెలల ముందు నుంచే తయారై కూర్చుంది గాని, ఆ రోజు మబ్బులు వారిని దాదాపుగా ముంచేశాయి. క్వీన్స్‌టౌన్‌లో దిగిన అమెరికా బృందానికి మాత్రం ఫొటోలు దక్కాయి. విశాఖలో నరసింగరావు గారు తాను చూసినదాన్ని లెక్కలతో సహా లండన్‌కు పంపించారు. ఆ ఏడాది ప్రపంచమంతటి నుంచి వచ్చిన కొలతలు ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగలేదు. శుక్రుడు సూర్యుడి అంచును తాకే క్షణం కంటికి స్పష్టంగా తెలియకపోవడం అందుకు ఒక కారణం. సూర్యుడి సగటు దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు అని ఈనాడు మనం సులువుగా చెప్పే అంకె వెనక, ఇలా మబ్బుల్లో మునిగినవాళ్ళూ, ఎండలో కళ్ళు నొప్పెట్టినవాళ్ళూ ఎందరో ఉన్నారు.

మన పంచాంగానికీ దీనికీ సంబంధం ఏమిటి?

ఆ రోజుల్లోనే మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి గారు పనిచేసేవారు. 1867లో ఆయన ఒక కొత్త చంచల నక్షత్రాన్ని కనిపెట్టారు. 1874 నాటి శుక్రుడి సంగతి సామాన్యులకు తెలియాలని మన భాషల్లో చిన్న పుస్తకం వేయించారు. పంచాంగాల్లో రాసినదీ ఆకాశంలో కనిపిస్తున్నదీ కలవకపోవడం చూసి, కంటికి కనిపించే దానితో సరిపోయే దృగ్గణిత పంచాంగం కావాలని ఆయన పాటుపడ్డారు. పెద్దల లెక్కను దిద్దడమా అని కొందరు అప్పట్లో నొచ్చుకున్నారు. నిజానికి దిద్దడం మన సంప్రదాయానికి కొత్త కాదు. పాత సిద్ధాంతాల లెక్క కాలం గడిచేకొద్దీ ఆకాశంతో తేడా వస్తే సరిచేయడానికి బీజ సంస్కారం అనే పద్ధతి మన జ్యోతిష్కులే పెట్టుకున్నారు. పన్నెండో శతాబ్దంలోనే మల్లికార్జున సూరి గారు సూర్యసిద్ధాంతానికి తెలుగులో టీక రాశారంటే, ఈ లెక్కలు పదిమందికీ అర్థం కావాలన్న తపన మనవాళ్ళకు ఎప్పటి నుంచి ఉందో ఊహించండి.

ఇక తిథి సంగతికి వద్దాం. తిథి అంటే తేదీ కాదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఎడం. అమావాస్య అంతంలో ఆ ఎడం సున్నా. 12 డిగ్రీలు పెరిగేసరికి పాడ్యమి పూర్తి. మరో 12 పెరిగితే విదియ. అలా 30 తిథులకు 360 డిగ్రీలు. చంద్రుడు ఒకే వేగంతో నడవడు కనుక ఒక తిథి 19 గంటల్లో ముగియవచ్చు, ఇంకొకటి 26 గంటల పైన కూడా సాగవచ్చు. ఈ ఎడం ప్రపంచమంతటికీ ఒక్కటే. అమావాస్య ముగిసే క్షణం కాకినాడకూ మౌంట్ రాస్కిల్‌కూ ఒకటే. కాని ఆ క్షణానికి అక్కడ అర్ధరాత్రి కావచ్చు, ఇక్కడ తెల్లవారి ఉండవచ్చు. శాస్త్రం పండుగను నిర్ణయించేటప్పుడు తిథిని మాత్రమే చూడదు. కొన్నిటికి సూర్యోదయ వేళ ఉన్న తిథి కావాలి. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి. అట్లతద్దికి చంద్రుడు కనబడాలి. ఇవన్నీ మనం నిలుచున్న చోటి వేళలు. ఇండియాలోని అమ్మమ్మ గారి వాకిట్లో పొద్దు పొడిచిన వేళ మనకు పనికిరాదు.

2025లో ఆకాశమే ఇచ్చిన సాక్ష్యం

దీనికి ఈమధ్య జరిగిన ఒక ఉదాహరణ చెబుతాం. 2025 సెప్టెంబరులో మహాలయ అమావాస్య ముగిసిన క్షణం మన టైము ప్రకారం 22వ తేదీ సోమవారం ఉదయం 7 గంటల 54 నిమిషాలు. అదే క్షణం ఇండియాలో అదే తేదీ తెల్లవారుజామున 1 గంట 24 నిమిషాలు. ఇండియాలో ఆ రోజు సూర్యోదయానికి పాడ్యమి వచ్చి నాలుగు గంటలు దాటింది. కాబట్టి అక్కడ 22నే నవరాత్రులు మొదలయ్యాయి. ఆక్లాండులో మాత్రం ఆ ఉదయం ఆరు దాటాక సూర్యుడు ఉదయించినప్పుడు ఇంకా అమావాస్యే ఉంది. పాడ్యమి మనకు సూర్యోదయానికి దొరికేది మర్నాడు 23న. ఆ తిథి 23 ఉదయం 9 దాటే వరకు ఉంది.

ఈ మాట నమ్మడానికి పుస్తకం అక్కర్లేదు. ఆ సోమవారం ఉదయం న్యూజిలాండ్‌లో సూర్యుడు గ్రహణంతోనే పైకి వచ్చాడు. ఆక్లాండులో ఏడు గంటల ప్రాంతానికి బింబంలో సగానికి పైగా కప్పబడింది. దక్షిణ దీవిలో ఇంకా ఎక్కువ. మబ్బులు దారి ఇచ్చిన చోటల్లా జనం చూశారు. సూర్యుడి ముందు చంద్రుడు నిలబడి ఉన్నాడంటే అమావాస్య ఇంకా పోలేదని అర్థం. ఇండియా క్యాలెండరు చూసి ఆ ఉదయం పాడ్యమి అనుకుంటే, కళ్ళెదుట ఆకాశం కాదన్నట్టే. మౌంట్ రాస్కిల్ వాకిట్లో ఆ ఉదయం ఎవరైనా తగిన అద్దాలు పెట్టుకుని చూసి ఉంటే, వారు చేసింది నరసింగరావు గారి పనే.

కాబట్టి ఫోను చేసేవారందరికీ మా మనవి ఇది. మన తేదీ వేరైతే మనం తప్పినట్టు కాదు, ఇండియాలోని వారు తప్పినట్టూ కాదు. ఒకే ఆకాశాన్ని వారు వారి చోటి నుంచి చూశారు, మనం మన చోటి నుంచి చూశాం. శుక్రుడి లెక్కకు విశాఖ, న్యూజిలాండ్ రెండూ కావలసి వచ్చినట్టే. పుకెటాపాపా అని మావోరీ వారు పిలిచే మన కొండ ఎత్తు 110 మీటర్లే. కాని దాని మీద నిలబడి చూస్తే మన సూర్యోదయం మనకు కనిపిస్తుంది. అదే మన పంచాంగానికి మొదటి పేజీ.

ఇంకొక మాట. ఇక్కడ విదియ చంద్రుడు మన ఊళ్ళో కనిపించినట్టు ఉండడు. మనం భూమికి దక్షిణాన ఉన్నాం కనుక చంద్రబింబం తలకిందులుగా కనిపిస్తుంది. శుక్లపక్షంలో వెలిగే భాగం ఎడమ వైపు ఉంటుంది. పగలు సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో నడుస్తాడు. అమావాస్య, పున్నమి వచ్చిన రోజుల్లో వైకోఫాయ్ వైపు మనుకావ్ తీరానికి వెళ్ళి చూస్తే, సూర్యచంద్రులు కలిసి లాగడం వల్ల ఆటుపోట్ల ఎత్తు ఎంత పెరుగుతుందో పిల్లలకు చూపించవచ్చు. అష్టమి రోజుల్లో మళ్ళీ వెళితే తేడా వారే చెబుతారు.

ఆ వేధశాల ఏమైంది?

నరసింగరావు గారు 1892లో కన్నుమూశారు. భర్త పేరు నిలవాలని అచ్చయ్యమ్మ గారు విశాఖలోని హిందూ కాలేజీకి భారీగా విరాళం ఇచ్చారు. ఆ కాలేజీయే మిసెస్ ఏవీఎన్ కాలేజీ అయింది. పేరులో ముందు మిసెస్ అనే మాట ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ చదువుల గుడి వెనక ఉన్న చేయి ఒక ఇల్లాలిది. తండ్రి కట్టిన వేధశాల, భర్త నడిపిన వేధశాల, ఆ ఇద్దరి తరువాత ఆమె చదువుకు దానం చేశారు.

వేధశాల మాత్రం అంత అదృష్టానికి నోచుకోలేదు. రాజా ఎ.వి. జగ్గారావు బహద్దూర్ గారు దాన్ని చేపట్టి ఆకాశాన్ని ఫొటోలు తీసే పని కూడా మొదలుపెట్టారు. దేశంలో ఆ పని అప్పటికి చాలా కొద్దిచోట్లే జరుగుతోంది. కాని ఆ తరువాత క్రమంగా అది వానలు, గాలుల లెక్క రాసుకునే కార్యాలయంగా మిగిలి, చివరికి కనుమరుగైంది. కాలేజీకి పేరు మిగిలింది. టెలిస్కోపు దగ్గర కూర్చునే మనిషి మిగల్లేదు.

మమ్మల్ని ఆలోచింపజేసినది ఇదే. 1856లో మామగారు పోయినప్పుడు ఒక అల్లుడు ఉద్యోగం వదిలి వచ్చాడు కనుక ఆ దీపం ఇంకో ముప్పై ఆరేళ్ళు వెలిగింది. ఆ తరువాత అలా వచ్చేవారు తగ్గారు కనుక ఆరింది. మన సంఘంలో పంచాంగం చూసి వేళ నిర్ణయించడం తెలిసిన పెద్దలు ఇప్పటికి ఒకరిద్దరే ఉన్నారు. వారు చూసిపెడితే మనం నోటీసు అతికిస్తున్నాం. వారి పక్కన కూర్చుని, ఈ తిథి ఎలా వచ్చింది, సూర్యోదయం ఎన్ని గంటలకు తీసుకున్నారు అని అడిగే చిన్నవాళ్ళు కావాలి. ఉద్యోగాలు వదలమని ఎవరినీ అడగడం లేదు. శనివారం ఒక గంట చాలు.

పిల్లలకు ఒక ముహూర్తం కూడా దగ్గర్లోనే ఉంది. 2028 జూలై 22 అమావాస్య నాడు ఈ దేశంలోనే సంపూర్ణ సూర్యగ్రహణం వస్తుంది. నీడ దారి దక్షిణ దీవిలో క్వీన్స్‌టౌన్, డునెడిన్ మీదుగా పోతుంది. 1874లో శుక్రుడి ఫొటోలు దక్కింది కూడా ఆ క్వీన్స్‌టౌన్‌లోనే. ఆక్లాండులో మనకు పాక్షికంగా కనిపిస్తుంది. పట్టుస్నానం, విడుపుస్నానం ఎవరి ఆచారం వారిది. కాని చూసేవారు గ్రహణం అద్దాలు లేకుండా మాత్రం సూర్యుడి వైపు చూడవద్దు. చూసి, ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు విడిచింది అని ఒక కాగితం మీద రాసి మా దగ్గరకు తీసుకురండి. ఆ ఏడాది దసరా సంచికలో పిల్లల పేర్లతో వేస్తాం.

ఈ దీపావళికి ప్రదోష వేళ మన సూర్యాస్తమయం చూసుకుని దీపం పెట్టండి. ఆ దీపాల్లో ఒకటి, పదవి వదిలి ఆకాశాన్ని నమ్ముకున్న నరసింగరావు గారికీ, ఆయన పేరును చదువుల్లో నిలిపిన అచ్చయ్యమ్మ గారికీ. అమ్మవారి దయ మీ అందరి ఇళ్ళ మీద ఉండాలని కోరుకుంటూ సెలవు.